కార్పొరేటర్‌ని మధ్యలో దించొచ్చా, రాజమండ్రిలో ఎక్కడ నమ్మి తినొచ్చు: రెండు ప్రశ్నలకీ నా సమాధానం

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పన్నెండేళ్ళు బెంగళూరులో ఉద్యోగం చేసి, అమ్మానాన్నల కోసం రాజమండ్రి వచ్చేద్దామనుకుంటున్నారు. దానవాయిపేటలో ఇల్లుంది. ఇంటి ముందు డ్రైను మూడు నెలలుగా పొంగుతోంది, కార్పొరేటర్‌కి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. కాలిఫోర్నియాలో ఉన్న మీ స్నేహితుడు, అక్కడ పనిచేయని నాయకుణ్ణి జనమే సంతకాలు పెట్టి దించేస్తారని చెప్పాడు. మనకి అలాంటి రీకాల్ లేదా అన్నది మొదటి ప్రశ్న. ఇంట్లో పెద్దవాళ్ళు, నాలుగేళ్ళ పాప ఉన్నారు కాబట్టి బయట తినాలంటే ఎక్కడ నమ్మాలి అన్నది రెండోది.

నేను మున్సిపల్ ఆరోగ్య విభాగంలో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. గోదావరికి ఇవతలా అవతలా ఉన్న డెల్టా పట్టణాల్లో తిరిగి, రిటైరయ్యాక రాజమండ్రిలోనే ఉంటున్నాను. మీరు రెండు వేర్వేరు ప్రశ్నలు అడిగానని అనుకుని ఉంటారు. నా ఉద్యోగంలో అవి రెండూ ఒకే మనిషి పని. తెల్లవారుజామున డ్రైన్లు, పదింటి తర్వాత హోటళ్ళు. అందుకే రెండిటికీ కలిపి రాస్తున్నాను. కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా చెప్తాను. ఆంధ్రప్రదేశ్‌లో ఓటర్లు సంతకాలు పెట్టి కార్పొరేటర్‌ని గానీ, ఎమ్మెల్యేని గానీ, ఎంపీని గానీ దించే చట్టం లేదు. ఎంపీ, ఎమ్మెల్యేల విషయంలో దేశంలో ఎక్కడా లేదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో అలాంటి ఏర్పాటే చేయలేదు. 1974లో జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమంలో ఈ డిమాండ్ గట్టిగా వినిపించింది. అదే ఏడాది లోక్‌సభలో ఒక ప్రైవేటు మెంబరు (మంత్రి కాని సభ్యుడు) రాజ్యాంగ సవరణ బిల్లు కూడా పెట్టారు, నెగ్గలేదు.

స్థానిక సంస్థల వరకూ మాత్రం కొన్ని రాష్ట్రాలు చట్టాలు చేసుకున్నాయి. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లలో ముందు నాలుగింట మూడు వంతుల మంది కౌన్సిలర్లు సంతకం పెట్టాలి. ఆ తర్వాత ఊరంతా ఓటేసి అధ్యక్షుణ్ణి ఉంచాలో దించాలో తేలుస్తుంది. 2008లో ఛత్తీస్‌గఢ్‌లో మూడు చిన్న పట్టణాల అధ్యక్షులు అలాగే పదవి పోగొట్టుకున్నారు. రాజస్థాన్‌లో 2012లో మాంగ్రోల్ అనే ఊళ్ళో ఓటింగ్ పెడితే అధ్యక్షుడే గెలిచి కొనసాగాడు. బీహార్ 2007లో చేసిన మున్సిపల్ చట్టం ఇంకో దారి పట్టింది. అక్కడ వార్డులోని ఓటర్లలో మూడింట రెండు వంతుల మంది సంతకాలతో అర్జీ పెట్టుకోవాలి.

ఈ బీహార్ లెక్క మన వార్డుకి వేసి చూడండి. 5,000 ఓట్లున్న వార్డులో 3,300 పైచిలుకు సంతకాలు కావాలి. 2021లో మన రాష్ట్రంలో మున్సిపల్ ఎన్నికలు జరిగినప్పుడు పోలింగ్ 62 శాతం దగ్గర ఆగింది. అంటే ఆ రోజు ఓటేసిన ప్రతి ఒక్కరూ, గెలిపించిన వాళ్ళతో సహా, సంతకం పెట్టినా సరిపోదు. చట్టం పుస్తకంలో ఉన్నా వీధిలో పనికొచ్చేలా రాయకపోతే ఇలాగే ఉంటుంది.

మీ స్నేహితుడు చెప్పింది అబద్ధం కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2022లో ముగ్గురు స్కూల్ బోర్డు సభ్యుల్నీ, తర్వాత కొన్ని నెలలకే ప్రభుత్వం తరఫున కేసులు నడిపే డిస్ట్రిక్ట్ అటార్నీనీ జనం ఓటేసి దించారు. అంతకు ముందు ఏడాది కాలిఫోర్నియా గవర్నర్ మీద కూడా అలాంటి ఓటింగే పెట్టారు. దానికి సుమారు 20 కోట్ల డాలర్లు ఖర్చయింది, గవర్నర్ పదవిలోనే ఉన్నాడు.

నేను రీకాల్‌కి వ్యతిరేకిని కాను. సర్వీసులో చూసినదాన్ని బట్టి ఒక్క భయం మాత్రం ఉంది. ఒక చిన్న మున్సిపాలిటీలో మెయిన్ రోడ్డు షాపుల వాళ్ళు డ్రైన్ మీద సిమెంటు పలకలు వేసి మూసేశారు. పలకలు లేపితే గానీ సిల్టు, అంటే అడుగున పేరుకున్న మట్టి, తీయలేం. ఆ వార్డు కౌన్సిలర్ మా పక్కన నిలబడి, ‘లేపండి, ఎవరడిగినా నా పేరు చెప్పండి’ అన్నారు. నాలుగు రోజుల్లో పని పూర్తయింది. ఆ వర్షాకాలం వీధిలోకి నీళ్ళు రాలేదు. కానీ ఆ నాలుగు రోజుల కోపం షాపుల వాళ్ళు మనసులో పెట్టుకున్నారు. రీకాల్ చట్టం ఉండుంటే వారం తిరక్కుండానే సంతకాలు మొదలయ్యేవి. తర్వాతి ఎన్నికల్లో ఆయన ఎలాగూ ఓడిపోయారు. నాకిప్పటికీ బాధగానే ఉంటుంది. కాబట్టి చట్టం తెచ్చుకుంటే, గెలిచిన మొదటి రెండేళ్ళూ ఎవరూ కదపకూడదన్న షరతు, సంతకాల్లో మోసాన్ని పట్టుకునే ఏర్పాటు రెండూ ఉండాలంటాను.

మన దగ్గర ఉన్నది అవిశ్వాస తీర్మానం. చాలామంది దీన్నే రీకాల్ అనుకుంటారు. కాదండి. అందులో ఓటరు పాత్ర లేదు. కౌన్సిల్ సభ్యుల్లో సగం మంది నోటీసు ఇవ్వాలి, మూడింట రెండు వంతుల మంది ఓటేయాలి. అది కూడా మేయర్, చైర్‌పర్సన్ లాంటి వాళ్ళ మీదే గానీ, మీ వార్డు కార్పొరేటర్ మీద పెట్టేది కాదు. మనకి దగ్గర ఉదాహరణ కాకినాడ. 2017 ఆగస్టులో కార్పొరేషన్ ఎన్నికలు జరిగాయి. నాలుగేళ్ళు నిండాకే అవిశ్వాసం పెట్టాలన్న నిబంధన గడువు అలా తీరిందో లేదో, 2021 అక్టోబరులో మేయర్ మీద తీర్మానం పెట్టి నెగ్గించారు. 2025 ఏప్రిల్‌లో విశాఖలోనూ అలాగే 74 ఓట్లతో మేయర్‌ని దించారు. ఆ రెండు నగరాల్లో ఒక్క ఓటరునైనా, ‘మీరేమంటారు’ అని అడగలేదు. ఎవరి మీద ఏ అభిప్రాయం ఉన్నా, అడగాల్సిన వాళ్ళని అడగకపోవడం నాకు పెద్ద లోటుగానే తోస్తుంది.

ఇక అసలు విషయం. దీన్ని చాలామంది గమనించరు, మీరూ గమనించినట్టు లేరు. రాజమండ్రిలో దించడానికి కార్పొరేటర్ ఎవరున్నారండీ? 2014లో ఎన్నికైన 50 డివిజన్ల (వార్డుల) కౌన్సిల్ గడువు 2019లో ముగిసిపోయింది. చుట్టుపక్కల గ్రామాల విలీనం, డివిజన్ల విభజన, కోర్టు కేసులు అంటూ 2021 మార్చిలో మిగతా ఊళ్ళలో జరిగిన ఎన్నికలు ఇక్కడ జరగలేదు. అవతలి గట్టున భీమవరం, తణుకు, తాడేపల్లిగూడెం, పాలకొల్లు కూడా అప్పుడు ఆగిపోయినవే. కాకినాడ కౌన్సిల్ గడువు 2022లో తీరింది. మీరు ఫోన్ చేస్తున్నాయన మాజీ. ఆయన ఎత్తలేదని కోపం తెచ్చుకోకండి, ఆయన చేతిలో ఏమీ లేదు. ఊరు ప్రత్యేకాధికారి పాలనలో నడుస్తోంది.

రాజ్యాంగంలో 243యు అధికరణం చూడండి. మున్సిపాలిటీ గడువు ఐదేళ్ళు, అది ముగిసేలోపే కొత్త ఎన్నికలు పూర్తి చేయాలని స్పష్టంగా రాసి ఉంది. 74వ సవరణతో 1993 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన మాట ఇది. 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న ఊళ్ళలో వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ చెప్తోంది. 2011 జనగణనలోనే రాజమండ్రి జనాభా 3,40,000 దాటింది. రీకాల్ హక్కు కావాలని అడిగే ముందు, ఉన్న హక్కు మన చేతికి రావాలి. నా మనసులో అన్నిటికంటే గట్టిగా ఉన్న మాట ఇదే, మిగతాదంతా దీని తర్వాతే.

కౌన్సిల్ ఉంటే ఏమవుతుందని మీరు అడగొచ్చు. లోపల ఉన్నవాణ్ణి కాబట్టి చెప్తాను. నెలకోసారి కౌన్సిల్ సమావేశం ఉందంటే వారం ముందు నుంచే మాకు టెన్షన్. ఫలానా వార్డులో దోమల మందు మలాథియాన్ చల్లారా, ఫలానా కల్వర్టు కింద సిల్టు ఎప్పుడు తీశారు, ఎంతమంది కార్మికులకి మస్టర్ (హాజరు) వేశారు, ఎంతమంది వచ్చారు అని అడుగుతారు. కార్మికుల లెక్కలో తేడా ఉంటే పేపర్లో పడుతుంది. కౌన్సిలర్లలో స్వార్థం చూసుకునే వాళ్ళు లేరని నేననను, ఉన్నారు. అయినా ప్రశ్న అడిగే మనిషి ఎదురుగా కూర్చుంటే ఫైలు కదిలే వేగమే వేరు. నేను పనిచేసిన ఒక ఊళ్ళో ఒకావిడ, మూడో తరగతి వరకే చదువుకున్నారు, పొద్దున్నే ఐదున్నరకి మస్టర్ వేసే చోటుకి వచ్చేవారు. మేస్త్రీ పక్కన నిలబడి తలకాయలు లెక్కపెట్టుకుని, ‘నా వార్డుకి ఆరుగురు రావాలి, నలుగురే ఉన్నారేం’ అనేవారు. ఐదేళ్ళూ ఆ వార్డుకి ఆరుగురూ వెళ్ళారు. ప్రత్యేకాధికారిగా ఎంత మంచి ఐఏఎస్ వచ్చినా, ఆయన కలెక్టరేట్ పనుల మధ్య ఐదున్నరకి మీ వీధిలో నిలబడలేరు. అది ఆయన తప్పు కాదు.

సరే, ఎన్నికలు వచ్చేదాకా మీ డ్రైను ఆగదు కదా. అదేంటో చూద్దాం.

పొంగే డ్రైనుకి కారణం మీ ఇంటి ముందు ఉండకపోవచ్చు. సిల్టు తీయించిన రెండు మూడు రోజులకే, వాన లేకుండానే మళ్ళీ నిండిందంటే దిగువన ఎక్కడో మూసుకుపోయిందని అర్థం. నీరు వెళ్ళే వైపు నడుచుకుంటూ వెళ్ళి కల్వర్టులు చూడండి. ఒకవైపు నిండుగా, ఇంకోవైపు పల్చగా ఉన్న కల్వర్టు కనిపిస్తే జబ్బు అక్కడుంది. పలకల కింద ఉంటే ఎవరి గుమ్మం ముందో ఆ ఇంటివాళ్ళతో మాట్లాడాల్సి వస్తుంది. డ్రైను మట్టమే తేడాగా కట్టి ఉంటే సిల్టు ఎన్నిసార్లు తీసినా ఉపయోగం లేదు. అప్పుడది శానిటేషన్ పని కాదు, ఇంజినీరింగ్ పని, అర్జీ అటు వెళ్ళాలి. చాలా ఫిర్యాదులు ఈ ఒక్క తేడా తెలియక ఆర్నెల్లు తప్పు బల్ల మీద ఉండిపోతాయి. తీసిన సిల్టు గట్టు మీదే వదిలేస్తే మొదటి వానకే తిరిగి లోపలికి పోతుంది. ఎత్తుకెళ్ళేదాకా అడగండి.

ఇంకోటి, ఇది మన ఊరికే ఉన్న ఇబ్బంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. ఏరు అలా ఎత్తు మీదున్నప్పుడు ఊళ్ళోంచి గోదావరిలోకి పోయే తూములు మూయక తప్పదు, లేకపోతే ఏరే ఊళ్ళోకి వస్తుంది. సరిగ్గా అదే రోజున ఊళ్ళో కుంభవృష్టి పడితే ఆ నీళ్ళు మోటార్లతో తోడాల్సిందే. తుమ్మలావ, ఆర్యాపురం వైపు వాళ్ళకి ఇది బాగా తెలుసు. నల్లా ఛానల్, ఆవ ఛానల్ అనే మురుగు కాలువల గురించి ఎవరు మాట్లాడినా ఆగి వినండి. రాజమండ్రి డ్రైనేజీ కథంతా వాటి చుట్టూనే తిరుగుతుంది.

అర్జీ ముందు మీ వార్డు సచివాలయంలో ఇవ్వండి. 2019 అక్టోబరు నుంచి ఉన్న ఏర్పాటు అది. పారిశుధ్యానికి ఒక కార్యదర్శి, రోడ్లు, డ్రైన్ల లాంటి సదుపాయాలకి ఇంకొకరు ఉంటారు. ‘డ్రైను బాగాలేదు’ అని రాయకండి. ఏ ఇంటి నంబరు దగ్గర మొదలై ఏ కల్వర్టు వరకు, ఎన్ని రోజులుగా, ఫొటో ఏ తేదీది అన్నది రాయండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌కి వెళ్ళండి.

అక్కడ కూడా ఒక చిక్కుంటుంది. రిటైరయ్యాక కొన్నాళ్ళు మా అబ్బాయి దగ్గర ఇంకో ఊళ్ళో ఉన్నాను. ఆ ఊరి పేరు రాయను. మా వీధి డ్రైను గురించి పెట్టిన అర్జీకి, పని జరక్కుండానే ‘పరిష్కరించబడింది’ అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. జీవితమంతా అదే శాఖలో పనిచేసినవాణ్ణి, ఆ మెసేజ్ చూసి నిద్ర పట్టలేదు. మర్నాడే పది రూపాయల ఫీజు కట్టి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. ఆ వీధి పేరుతో గత రెండేళ్ళలో చేసిన పనుల అంచనా, వర్క్ ఆర్డరు, ఎం-బుక్ నకలు అడిగాను. ఎం-బుక్ అంటే పని కొలతలు రాసే పుస్తకం. బిల్లు చెల్లించాలంటే కొలతలు అందులో ఎక్కాలి. ఎక్కిన కొలత వీధిలో ఉందో లేదో టేపు పట్టుకుని ఎవరైనా చూడొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే మొదటి అప్పీలు. నాకు ఇరవై ఐదో రోజున జవాబు రాలేదు గానీ, మనుషులు వచ్చి డ్రైను తీశారు. 2005 చట్టంలో రికార్డులు వెళ్ళి చూసే హక్కే కాదు, పనిలో వాడిన సామగ్రి నమూనా అడిగే హక్కు కూడా ఉంది. ఈ సంగతి కాంట్రాక్టర్లకి బాగా తెలుసు, జనానికి తెలియదు.

జనం గట్టిగా నిలబడితే ఏమవుతుందో ఈ మధ్యనే చూశాం. 2021లో ఇళ్ళ నుంచి చెత్తకి యూజర్ చార్జీలు వసూలు చేయడం మొదలుపెట్టారు. జనం వీధివీధినా గొడవ చేశారు, ‘మేం కట్టం’ అన్నారు, చివరికి ఎన్నికల్లో పెద్ద అంశమై 2024 డిసెంబరు ఆఖరుతో అది రద్దయింది. రద్దు చేయడం మంచిదా చెడ్డదా అన్న దాని మీద నాకు వేరే ఆలోచనలున్నాయి, చెత్త ఎత్తడానికి డబ్బు ఎక్కడి నుంచో రావాలి కదా. అది వేరే చర్చ.

ఇప్పుడు తిండి సంగతి.

హోటల్ చూడాలంటే ముందు గది చూడకండి, వెనక గుమ్మం చూడండి. నేను తనిఖీకి వెళ్ళినప్పుడు మొదట వెనక సందులోకి వెళ్ళేవాణ్ణి. ప్లేట్లు కడిగే చోట నీళ్ళు పారుతున్నాయా, ఒకే బకెట్లో ముంచి తీస్తున్నారా? జిడ్డు నీరు నేరుగా డ్రైనులోకి వదిలేస్తున్నారా? మీ వీధి డ్రైను గట్టిపడడానికి చాలాసార్లు ఆ నూనె జిడ్డే కారణం. మట్టితో కలిసి అది సబ్బుగడ్డలా గట్టిపడుతుంది, పారతో కొడితే గానీ రాదు. ఏసీ గదులు, మెనూ కార్డులు పెట్టుకుని, వెనక కత్తిపీట పక్కనే చెప్పులు వదిలే చోట్లు చూశాను. తాటాకు పాకలో మూడు బెంచీలేసుకుని, ప్రతి ప్లేటూ వేడినీళ్ళతో కడిగే దంపతుల్నీ చూశాను. పాప కోసం అడిగారు కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

టిఫిన్ల విషయంలో నా గుర్తు ఒకటే. పొద్దున తొమ్మిదిన్నర, పదికి పిండి అయిపోయిందని చెప్పే చోట తినండి. ఏ పూట పిండి ఆ పూటే అయిపోతోందంటే నిలవ లేదని అర్థం. రోజంతా ఎప్పుడు వెళ్ళినా దోసె ఉంటుందనే చోట ఫ్రిజ్ ఎంత పెద్దదో ఆలోచించాలి. పచ్చళ్ళలో కొబ్బరి పచ్చడి అందరికంటే ముందు పాడవుతుంది. ఎండాకాలంలో పదకొండు దాటాక పాపకి అది పెట్టకండి, అల్లం పచ్చడి పెట్టండి. సాయంత్రం దేవీచౌక్ వైపు వెళ్తే బళ్ళ దగ్గర ఇడ్లీ ఆవిరి మీదే తీసిస్తారు, పెద్దవాళ్ళకి అంతకంటే తేలికైన తిండి లేదు. మెయిన్ రోడ్డు దగ్గర రోజ్ మిల్క్ తాగకుండా మీ పాప ఎలాగూ ఇంటికి రాదు.

బజ్జీలు, గారెలు తినేటప్పుడు నూనె చూడండి. వాడిన నూనెలో పోలార్ కాంపౌండ్లు (నూనె పదేపదే కాచితే పుట్టే పదార్థాలు) 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జులై నుంచి దేశమంతా నిబంధన ఉంది. దాన్ని కొలిచే మీటరు మన దగ్గర ఉండదు. బాణలిలో నూనె నల్లబడి, పైన నురగ ఆగకుండా తేలుతూ, సన్న మంట మీదే పొగ వస్తుంటే పక్క బండికి వెళ్ళండి. తిన్నాక గొంతులో గరగర వచ్చినా అదే.

మధ్యాహ్నం భోజనానికి కర్రీ పాయింట్లు ఇప్పుడు ప్రతి సందులోనూ ఉన్నాయి. వంట చేసుకోలేని పెద్దవాళ్ళకి అవి నిజంగా పెద్ద సాయం. అన్నం ఇంట్లో వండుకుని కూర, పప్పు, చారు తెచ్చుకుంటే చాలు. ఒక్క మాట: మరిగే సాంబారు పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోయించుకోకండి. స్టీలు కేరేజీ పట్టుకెళ్ళండి. నాలుగు రోజులు తీసుకెళ్తే ఐదో రోజు నుంచి వాళ్ళే, ‘కేరేజీ ఇలా ఇవ్వండి’ అని చేయి చాపుతారు. నాన్నగారికి బీపీ ఉందన్నారు, కూరలు పన్నెండింటిలోపు తెచ్చుకుని, ఉప్పు తగ్గించమని ముందురోజు చెప్తే వేరే తీసిపెట్టే వాళ్ళూ ఉన్నారు. బెంగళూరు యాప్‌లో ఆ సౌకర్యం దొరకదు.

ఫ్యామిలీ రెస్టారెంట్లలో బిల్లు చదవండి. సర్వీస్ చార్జి అని దానంతట అదే కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది. తీసేయమంటే తీసేయాలి. కాంపోజిషన్ పద్ధతిలో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను తామే కట్టే పద్ధతి) ఉన్న హోటల్ మీ దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు. గోడ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత లైసెన్సు) నంబరు ఉండాలి. మా కాలంలో తిండి కల్తీ కేసులు 1954 చట్టం కింద ఉండేవి. 2011 ఆగస్టు నుంచి ఆహార భద్రత చట్టం వచ్చి, ఆ పని ఫుడ్ సేఫ్టీ అధికారులకి వెళ్ళింది. ఉన్న హోటళ్ళకి ఆ అధికారులు చాలా తక్కువ. అందుకే మీ కళ్ళు పనిచేయాలి. ఏదైనా తేడా కనిపిస్తే కౌంటర్లో ఉన్న యజమానికి అక్కడికక్కడే మెల్లగా చెప్పండి. మన ప్రాంతంలో మాట పడితే సరిచేసుకునే హోటల్ వాళ్ళే ఎక్కువ.

బంధువులొస్తే ఊరు దాటి తినిపించండి. కాకినాడలో సుబ్బయ్య గారి హోటల్ భోజనం, కోటయ్య కాజా, మండపేట వైపు వెళ్తే తాపేశ్వరం మడత కాజా, రావులపాలెంలో కుండ బిర్యానీ, అంబాజీపేట వైపు పనసాకు బుట్టల్లో వండే పొట్టిక్కలు, పాలకొల్లు దగ్గర చెరకు పానకంతో దిబ్బరొట్టె. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రోడ్డు పక్కన షాపులో కొనేకంటే ఆత్రేయపురం వీధుల్లోకే వెళ్ళండి. వేడి కుండ మీద తెల్లటి రేకు పొరగా లేచి రావడం పాపకి చూపించండి, జీవితాంతం గుర్తుంటుంది.

పులస చేప గురించి మాత్రం జాగ్రత్త. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు, ఆ మాటనే పట్టుకుని మోసం చేస్తారు. సముద్రంలో ఉన్నప్పుడు అది విలసే. వరద ఎర్రనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాకే పులస అవుతుంది. జులై నుంచి సెప్టెంబరు వరకే కాలం. ఒడిశా వైపు నుంచి మంచులో వచ్చిన విలసనే ఇక్కడ పులస పేరుతో వేల రూపాయలకి అమ్మేస్తుంటారు. ఏడాది పొడవునా పులస పులుసు ఉందని బోర్డు పెట్టిన చోట ఆగకండి. యానాం, బోడసకుర్రు వైపు తెలిసిన వాళ్ళుంటే వాళ్ళ ద్వారా ముందే చెప్పించుకోండి. కూర వండిన రోజు కాదు, మర్నాడు తినండి.

చివరిగా బళ్ళ వాళ్ళ గురించి. నేను పైన చెప్పిన ఇడ్లీ బండి, బజ్జీల బండి, మసాలా మరమరాల బండి ఎవరి దయ మీదా ఉన్నవి కావు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేయాలి, గుర్తింపు ఇవ్వాలి, టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళూ ఎన్నికల ద్వారానే రావాలి. పెద్దవాళ్ళ పర్యటన ఉందంటే ముందురోజు రాత్రి బళ్ళు ఎత్తించే పని మా చేత చేయించేవారు. కొన్నిసార్లు ఆ పిండి గిన్నెలు చేతులతో దింపింది నేనే. ఆ పిండి మర్నాటి వాళ్ళ పెట్టుబడి అని తెలిసి కూడా చేశాను. 2027లో మళ్ళీ పుష్కరాలు వస్తున్నాయి. 2015లో మొదటి రోజు ఘాట్ దగ్గర తొక్కిసలాటలో 27 మంది పోయారు. అప్పుడు నేను ఇంకో ఘాట్‌లో పారిశుధ్యం డ్యూటీలో ఉన్నాను. ఆ కబురు విన్న ఉదయం ఇంకా మర్చిపోలేదు. ఈసారి జనం నడిచే దారి ఎక్కడ, బళ్ళు పెట్టుకునే చోటు ఎక్కడ, చెత్త ఎత్తే వేళ ఏది అన్నది వీధి తెలిసిన ఎన్నికైన మనుషులు కూర్చుని ముందే తేల్చాలని నా కోరిక. దానికి కౌన్సిల్ కావాలి.

అందుకే వచ్చిన వారంలోనే ఒక పని చేయండి. బెంగళూరు ఓటు దానవాయిపేటకి మార్చుకోండి. ఫారం 8 నింపితే చాలు, ఆన్‌లైన్‌లోనే అవుతుంది. అసెంబ్లీ ఓటర్ల జాబితా నుంచే మున్సిపల్ వార్డుల జాబితా తయారవుతుంది. అమ్మానాన్నల పేర్లు, ఇంటి నంబరు సరిగ్గా ఉన్నాయో లేదో అప్పుడే చూసుకోండి. నా సర్వీసులో ఎన్నికల డ్యూటీ చేసినప్పుడల్లా, ఇంటి నంబరు తేడా వల్ల పక్క వార్డులోకి వెళ్ళిపోయిన కుటుంబాలు కనిపించేవి. డ్రైను ఫొటోలు తీసి, దిగువ కల్వర్టు దాకా నడిచి చూశాక ఏం కనిపించిందో ఇక్కడే రాయండి. సిల్టా, పలకలా, మట్టమా అన్నది చూసి, అర్జీ ఎవరి పేరున రాయాలో చెప్తాను.